మూడవ పక్షము కుకీ, యజమాని పూచీ

వెబ్‌సైటులో ఒక పుటను తెరచిన పాఠకుడు తాను ఒక్క చోటికే వచ్చితినని తలచును. వార్త చదువవచ్చినవాడు ఆ పత్రికవారి సర్వరుతోను, వంటకము వెదుకవచ్చిన యామె ఆ వంటల పుట వ్రాసినవారి సర్వరుతోను మాత్రమే వ్యవహరించుచున్నామని నమ్ముట సహజము. ఏలయన తెర పైభాగమున కనబడు చిరునామా ఒక్కటే. కాని ఆ పుటలో ప్రకటన కొరకు విడిచిన చోటు ఒకటి ఉన్నయెడల, బ్రౌజరు ఆ పుటను పేర్చుచునే, అందు యజమాని అతికించిన నాలుగు పంక్తుల కోడును చదివి, ప్రకటనల సంస్థవారి సర్వరునకు వేరొక అభ్యర్థనను పంపును. పాఠకుని ఐపీ చిరునామా, బ్రౌజరు వివరము, అతడు చదువుచున్న పుట ఏదియను సమాచారము, పూర్వము ఆ సంస్థవారే అతని యంత్రమున ఉంచిపోయిన కుకీ, ఇవన్నియు ఆ అభ్యర్థన వెంట పోవును. ప్రకటనల సంస్థలను గూర్చియు, పాఠకులను గూర్చియు ఎందరో వ్రాసిరి. ఈ అధ్యాయమున నేను ప్రధానముగా చెప్పదలచినది వారిరువురి నడుమ నిలిచి ఆ నాలుగు పంక్తులను అతికించిన యజమానిని గూర్చి.

కుకీ పుట్టుక నిరపాయమైనది. పుటలను అడుగుటకును ఇచ్చుటకును ఏర్పడిన హెచ్‌టీటీపీ అను నియమావళికి స్మృతి లేదు. ఒక పుటను పొందిన బ్రౌజరు మరుక్షణమున రెండవ పుటను అడిగినను, అడిగినది మునుపటి బ్రౌజరే యని సర్వరు గుర్తింపజాలదు. అంగడి సైటులో ఎంచుకొన్న వస్తువు తరువాతి పుటకు పోవునప్పటికి లెక్కలో లేకుండ పోవుట ఈ మరపు ఫలితమే. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మోంటుల్లి ఈ చిక్కును విప్పుటకై ఒక ఉపాయము కల్పించెను: సర్వరు తన సమాధానముతో పాటు ఒక చిన్న గుర్తును పంపును, బ్రౌజరు దానిని దాచుకొని, మరల ఆ సర్వరు వద్దకే పోయినప్పుడు తిరిగి చూపును. ఆ గుర్తే కుకీ. దానియందు పాఠకుని పేరుండనక్కరలేదు, ఊరుండనక్కరలేదు. అర్థము లేని అక్షరముల వరుస యొకటి చాలును. ఏ సర్వరు ఇచ్చిన గుర్తును ఆ సర్వరునకే చూపవలెనను కట్టుబాటు ఉన్నందున, ఒక సైటు ఉంచిన గుర్తును మరియొక సైటు చదువజాలదు.

అయితే ఈ రక్షణకు ఒక సందు మిగిలినది. వేయి సైటుల యజమానులు ఒకే ప్రకటనల సంస్థ కోడును తమ తమ పుటలలో అతికించినప్పుడు, ఆ వేయి పుటలనుండియు బ్రౌజరు పలుకరించునది ఆ ఒక్క సర్వరునే గదా! అది ఇచ్చిన కుకీని వేయి చోట్లను దానికే చూపును. చూపినప్పుడెల్ల పాఠకుడు ఏ పుటలో ఉన్నాడో కూడ తెలుపును. ఉదయమున మధుమేహమును గూర్చి చదివిన వ్యాసము, మధ్యాహ్నమున చూచిన అద్దె ఇండ్ల పట్టిక, రాత్రివేళ వెదకిన విడాకుల న్యాయవాదుల వివరములు, ఈ మూడింటి యజమానులలో ఏ ఒక్కనికిని తక్కిన ఇద్దరి సంగతి తెలియదు. కాని ముగ్గురి పుటలలోను ఉన్న మూడవ పక్షమునకు, అనగా పాఠకుడును సైటు యజమానియు గాక నడుమ చేరిన ఆ ప్రకటనల సంస్థకు, మూడును వరుసగా తెలియును. ఈ ప్రమాదమును ఇంటర్నెట్ ప్రమాణములను రచించినవారు మొదటనే పసిగట్టిరి. డేవిడ్ క్రిస్టల్, మోంటుల్లి కలిసి వ్రాయగా 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అను ప్రమాణపత్రము, పాఠకుడు తానై కోరి పోని సర్వరుల విషయమున బ్రౌజరులు తమంతట తాము కుకీల నిచ్చిపుచ్చుకొనరాదని విధించినది. నాటి ప్రధాన బ్రౌజరుల నిర్మాతలు ఆ విధిని పాటింపలేదు. నా దృష్టిలో ఇక రాబోవు కథయంతయు ఆ ఉపేక్షనుండి మొలచినదే. బ్రౌజరు చేయవలసిన నిరాకరణమును చేయకపోగా, ఆ భారము క్రమముగా పాఠకుని మీదికిని, అతనికి తెలియజెప్పవలసిన సైటు యజమాని మీదికిని జారినది.

ఆ సందును వ్యాపారముగా పెంచినవారిలో డబుల్‌క్లిక్ అను అమెరికా సంస్థ అగ్రగామి. 1999లో అది అబాకస్ డైరెక్ట్ అను సంస్థను కొనెను. తపాలా కేటలాగులను చూచి వస్తువులు తెప్పించుకొనుచుండిన కోట్లాది అమెరికా కుటుంబముల కొనుగోళ్ల వివరములు అబాకస్ వద్ద పేర్లతో సహా ఉండెను. పేరులేని కుకీని పేరున్న చిట్టాతో జోడింతురను భయము ప్రజలలో పుట్టి, అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణకు దిగగా, 2000 మార్చిలో డబుల్‌క్లిక్ ఆ సంకల్పమును ఆపివేసెను. ఆ డబుల్‌క్లిక్‌నే 310 కోట్ల డాలర్లకు కొనుటకు గూగుల్ 2007 ఏప్రిల్‌లో నిశ్చయించి, 2008 మార్చిలో కొనుగోలును ముగించెను.

చిన్న సైటుల యజమానులు ఈ వ్యవహారములోనికి పెద్దయెత్తున వచ్చినది గూగుల్ 2003లో ఆరంభించిన యాడ్‌సెన్స్ పథకము ద్వారా. ఏ ప్రకటనదారుని ముఖమును చూడకయే, ఎవరితోను బేరమాడకయే, తన పుటలో ప్రకటనలు వేసి ఆదాయము పొందు వీలు దానివలన సామాన్యునికి కలిగినది. తొలుత ఆ ప్రకటనలు పుటలోని విషయమును అనుసరించి వచ్చుచుండెను: తోటపనిని గూర్చిన పుటలో విత్తనముల ప్రకటన, ప్రయాణములను గూర్చిన పుటలో హోటలు ప్రకటన. 2009 మార్చిలో గూగుల్ ఈ పద్ధతిని విస్తరించి, పాఠకుడు పూర్వము చూచిన పుటలను బట్టి అతని అభిరుచులను ఊహించి ప్రకటనలు చూపుదునని ప్రకటించెను. దానితో పాటు యాడ్‌సెన్స్ సభ్యులందరును ఏప్రిల్ 8వ తేదీలోగా తమ సైటులలోని గోప్యతా విధానమును సవరించుకొనవలెనని కోరెను. గూగులుతో సహా మూడవ పక్షములు కుకీల సహాయమున ప్రకటనలు చూపుచున్నవనియు, డార్ట్ అను కుకీ వలన ఈ సైటునకే గాక ఇతర సైటులకు పాఠకుడు వచ్చిపోయిన వైనమును కూడ లెక్కలోనికి తీసికొందురనియు, వలదనుకొను పాఠకుడు ఫలానా చోటికి పోయి దానిని నిరాకరింపవచ్చుననియు ఆ విధానమున ఉండవలెను. ఏ మాటలలో వ్రాయవలెనో మాత్రము సంస్థ చెప్పలేదు. సైటులు వేరు, దేశముల చట్టములు వేరు గనుక నిర్దిష్టమైన పాఠము నీయజాలమనెను.

ఆ మాటలో అసత్యము లేదు. కాని ఆ మాట వినిన యజమాని ఎవడు? ఛాయాచిత్రములను గూర్చియో, క్రికెట్టును గూర్చియో, కంప్యూటరు మరమ్మతును గూర్చియో తీరికవేళల వ్రాసికొనుచు, నెల చివర వచ్చు కొద్దిపాటి ఆదాయముతో సర్వరు అద్దె చెల్లించుకొనువాడు. న్యాయవాదిని నియమించు స్తోమత అతనికి లేదు; కుకీ యనగానేమో అతడు ఆ నోటీసునందే మొదటిసారి చదివియుండును. అందుచేత ప్రక్క సైటులోని విధానమును నకలు తీసికొన్నవారు కొందరు. సైటు పేరు, ఈమెయిలు ఇచ్చిన క్షణములో విధానమును అల్లియిచ్చు ఉచిత సాధనములను ఆశ్రయించినవారు మరికొందరు. నకలునకు నకలు పుట్టుచుండగా, తాము వాడని సంస్థల పేర్లు విధానమునకెక్కుటయు, వాడుచున్న సంస్థల పేర్లు లేకపోవుటయు సంభవించెను. నేను వారిని నిందింపను. తన ఇంటి అరుగును పరాయి వర్తకునకు అద్దెకిచ్చిన గృహస్థు, వచ్చిపోవువారిని గూర్చి ఆ వర్తకుడు చిట్టాలో ఏమి వ్రాసికొనుచున్నాడో తాను చూడకయే, ఇట్లు వ్రాసికొనబడునని వాకిట పలక కట్టవలసి వచ్చినట్టిది వారి స్థితి. అయినను అరుగు అతనిదే. వచ్చినవారును అతనిని నమ్మి వచ్చినవారే. ఈ రెండు సత్యములను ఒక్కసారిగా మనస్సున ఉంచుకొననిదే ఈ విషయమున న్యాయమైన అభిప్రాయమునకు రాలేము.

ఇంతకును ఆ పలకను చదివినవారెందరు? కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అలీషియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లో ఒక లెక్క కట్టిరి: ఒక అమెరికా పౌరుడు తాను సంవత్సరకాలమున చూచు సైటుల విధానములన్నింటిని ఒక్కొక్కసారి చదువదలచినచో, ఏటికి 200 గంటలకు పైగా పట్టును. మనుష్యుడు చదువజాలనిది యంత్రము చదువునను ఆశతో, 2002 ఏప్రిల్‌లో వెబ్ ప్రమాణములను రూపొందించు డబ్ల్యూ3సీ సంస్థ పీ3పీ అను ప్రమాణమును వెలువరించెను. సైటు తన విధానమును యంత్రమునకు బోధపడు సంకేతములలో ప్రకటించిన, బ్రౌజరే చదివి పాఠకుని అభీష్టముతో పోల్చుకొనును. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు దానిని కొంత ఆదరించెను గాని, సంకేతములను తప్పుగా వ్రాసిన సైటులను అడుగువారు లేనందున ఆ ప్రయత్నము క్షీణించినది. సంకల్పము మంచిది, ఆచరణమున దానికి అండ లేకపోయినది.

ఆ అండ ఐరోపానుండి చట్టరూపమున వచ్చినది. ఎలక్ట్రానిక్ సమాచార గోప్యతను గూర్చి 2002లో చేసిన ఆదేశమును ఐరోపా సమాఖ్య 2009లో సవరించి, సేవకు అత్యవసరమైనవి తప్ప తక్కిన కుకీలను పాఠకుని యంత్రమున ఉంచుటకు ముందు అతని సమ్మతి పొందవలెనని విధించినది. 2015లో గూగుల్ ఆ విధిని తన ఒప్పందములోనికి తెచ్చి, ఐరోపా పాఠకుల సమ్మతిని సంపాదించు బాధ్యతను సెప్టెంబరు 30 గడువుతో సైటు యజమానులకు అప్పగించెను. తెలియజెప్పుట వేరు, అడుగుట వేరు. మునుపు పుట అడుగున ఎచ్చటనో విధానమునకు లంకె ఉంచిన చాలియుండెను. ఇప్పుడు పాఠకుని ఎదుట నిలిచి అడుగవలసి వచ్చెను. 2018 మే 25న అమలునకు వచ్చిన జీడీపీఆర్ అను ఐరోపా సమాఖ్య డేటా రక్షణ శాసనము, సమ్మతి యనగా స్వేచ్ఛగా, నిర్దిష్టముగా, తెలిసి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండవలెనని నిర్వచించి, ఉల్లంఘించినవారికి 2 కోట్ల యూరోలు గాని, ప్రపంచవ్యాప్త వార్షిక వ్యాపారములో 4 శాతము గాని, ఏది యెక్కువయైన దానివరకు జరిమానా విధింపవచ్చుననెను. ఆ దినమున లాస్ ఏంజిలెస్ టైమ్స్, షికాగో ట్రిబ్యూన్ వంటి అమెరికా పత్రికల సైటులు ఐరోపా పాఠకులకు తలుపులు మూసివేసెను. యూఎస్ఏ టుడే మరియొక దారి త్రొక్కి, పరాయి కోడులు లేని పుటను ఐరోపావారికి వేరుగా ఇచ్చెను. ఐదు మెగాబైట్లకు పైబడి ఉండిన ముఖపుట బరువు అందుచేత సుమారు అర మెగాబైటునకు దిగినది. అనగా పాఠకుడు తన డేటా ఖర్చుతో దింపుకొనుచుండిన దానిలో వార్తల పాలు పదింట ఒక వంతే. ఈ విషయమున నన్ను మిక్కిలి కలవరపెట్టిన లెక్క ఇది.

యజమాని పూచీ ఎంతవరకను ప్రశ్నకు సూటియైన సమాధానము 2019 జులై 29న ఐరోపా న్యాయస్థానము ఇచ్చిన తీర్పులో లభించినది. ఫ్యాషన్ ఐడీ అను జర్మను వస్త్రవ్యాపార సైటు తన పుటలలో ఫేస్‌బుక్ లైక్ గుర్తును పొదిగియుండెను. పాఠకుడు ఆ గుర్తును నొక్కినను నొక్కకున్నను, అతనికి ఫేస్‌బుక్‌లో సభ్యత్వము ఉన్నను లేకున్నను, పుట తెరచినంతనే అతని వివరములు ఆ సంస్థకు చేరుచుండెను. వినియోగదారుల సంఘము వ్యాజ్యము వేయగా, కోడు మాది కాదు, సమాచారము మా చేతికి రాలేదను వాదమునకు న్యాయస్థానము తలయొగ్గలేదు. గుర్తును పొదుగుట యజమాని నిర్ణయము. పొదుగనిచో ఆ వివరములు అటు పోయియుండవు. తన సరకునకు ప్రచారము కలుగుననియే అతడు పొదిగెను. కావున వివరములను సేకరించి పంపుట వరకు అతడును ఫేస్‌బుక్ సంస్థయు కూడ బాధ్యులే. అయితే ఆ వివరములు చేరిన పిదప ఫేస్‌బుక్ వానిని ఏమి చేయుననుదానికి యజమాని బాధ్యుడు కాడు. పాఠకునికి ముందుగా తెలుపుటయు, సమ్మతి యడుగుటయు ఆ మొదటి భాగము మేరకు యజమాని విధులు. ఈ విభజన నాకు ఎంతయో సమంజసముగా తోచును. ఎదుటివాని గదిలో జరుగుదానికి న్యాయస్థానము యజమానిని దోషిని చేయలేదు. తన ద్వారముగుండ ఏమి పోవుచున్నదో తెలియదనుటకు మాత్రము వీలులేకుండ చేసినది.

అదే సంవత్సరము అక్టోబరు 1న ప్లానెట్49 అను లాటరీ సైటు వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే, ముందే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కానేరదనియు, కుకీ ఎంతకాలము నిలుచునో, అది మూడవ పక్షములకు అందునో అందదో కూడ పాఠకునికి తెలుపవలెననియు నిర్ణయించెను. నిరాకరణము అంగీకారమంత సులభముగా లేదని 2022 జనవరిలో ఫ్రాన్సు గోప్యతాధికార సంస్థయగు సీఎన్ఐఎల్ గూగులునకు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించినది. ఇట్లు నియమములు సూక్ష్మమగుచుండగా సామాన్యుడైన యజమాని మరల తయారుసరకునే ఆశ్రయించెను. మునుపు విధానమును అల్లియిచ్చు సాధనములు వచ్చినట్లే, ఇప్పుడు సమ్మతి నడుగు పెట్టెను తెరపై చూపి సమాధానమును సంకేతముగా మార్చి ప్రకటనల సంస్థలకు చేరవేయు సాధనములు వెలసెను. ప్రకటనల పరిశ్రమ సంఘమైన ఐఏబీ యూరప్ 2018లో ఆ సంకేతమునకు ఒక ప్రమాణమును ఏర్పరచెను. ఆ ప్రమాణమే జీడీపీఆర్‌కు అనుగుణముగా లేదని 2022 ఫిబ్రవరిలో బెల్జియము అధికారులు తేల్చి, సంఘమునకు రెండున్నర లక్షల యూరోలు జరిమానా వేసిరి. ఐనను ప్రమాణము సవరణలతో కొనసాగుచునే ఉన్నది. 2024 జనవరి 16 నుండి ఐరోపా, బ్రిటన్ పాఠకులకు ప్రకటనలు చూపు యాడ్‌సెన్స్ సభ్యులు గూగుల్ ధ్రువీకరించిన సమ్మతి సాధనమునే వాడవలెనని నియమము వచ్చినది. యజమాని ఏ దేశమున ఉన్నాడనునది ఇక్కడ లెక్కకు రాదు, పాఠకుడున్న చోటే ప్రధానము. కావున లండనులోనో, ఫ్రాంక్‌ఫర్టులోనో, డబ్లినులోనో ఉన్న తెలుగువారు చదువు సైటును విజయవాడనుండి నడుపు యజమానికిని ఈ నియమము వర్తించును.

ఈ చిక్కులలో యజమాని మొదట చేయవలసిన పని వ్రాయుట కాదు, చూచుట. తన పుటను బ్రౌజరులో తెరచి, డెవలపర్ టూల్స్ అను భాగమున నెట్‌వర్క్ పట్టికను పరికించినచో, ఆ పుట నిమిత్తము ఏయే సర్వరులకు అభ్యర్థనలు పోవుచున్నవో వరుసగా కనబడును. ఎన్నడో పెట్టి మరచిన సందర్శకుల లెక్కింపు సాధనము, ఎవరును నొక్కని పంచుకొను గుర్తులు, పొదిగిన వీడియో, పరాయి సర్వరునుండి తెచ్చుకొను అక్షరరూపములు, ప్రకటనల కోడు తనతో పిలుచుకొనివచ్చిన మరికొన్ని సంస్థలు అందు బయటపడును. అక్షరరూపముల మాట చిన్నదని తోచవచ్చును. కాని గూగుల్ సర్వరునుండి వానిని తెప్పించి తద్వారా పాఠకుని ఐపీ చిరునామాను అటు పంపిన సైటువారు అతనికి 100 యూరోలు చెల్లింపవలెనని 2022 జనవరిలో మ్యూనిక్ న్యాయస్థానము తీర్పిచ్చెను. అక్కరలేనివానిని తొలగించిన పిమ్మట మిగిలినవే విధానమున వ్రాయవలసినవి. పాఠకుడు అంగీకరించునంతవరకు ఆ కోడులు కదలకుండ చూచుట రెండవ పని. సమ్మతి పెట్టె తెరపై వెలసియుండగానే దాని వెనుక కుకీలు చేరిపోవుట నేటికిని సామాన్యమైన దోషము. వ్యక్తిగతము కాని ప్రకటనలను ఎంచుకొన్నంత మాత్రమున కుకీలు ఆగిపోవునను నమ్మకమును కూడ విడువవలెను. ఒకే ప్రకటనను ఒకే పాఠకునికి పలుమారులు చూపకుండుటకును, మోసపు క్లిక్కులను పట్టుటకును అప్పుడు సైతము గూగుల్ కుకీలను వాడునని ఆ సంస్థయే చెప్పుచున్నది.

కుకీలు వదలినచో ఆదాయము పోవునను భయము సర్వత్ర వినబడును. న్యూయార్క్ టైమ్స్ 2018లో ఐరోపా పాఠకుల విషయమున ప్రవర్తనను బట్టి చూపు ప్రకటనలను మాని, పుటలోని విషయమును, పాఠకుని ప్రాంతమును బట్టి చూపు ప్రకటనలకు మరలెను. అక్కడ దాని ప్రకటనాదాయము తగ్గలేదు. నెదర్లాండ్స్ ప్రజాప్రసార సంస్థ ఎన్‌పీఓ సైటులలో 2020 జనవరినుండి మూడవ పక్షపు కుకీలను పూర్తిగా విడువగా, ఆ తొలి నెలలలో ఆదాయము అంతకు ముందటి సంవత్సరముకంటె పెరిగెను. అయితే ఈ రెండును ప్రకటనదారులతో నేరుగా బేరమాడగల పెద్ద సంస్థలు. ఒంటరిగా వ్రాసికొను చిన్న యజమానికి ఆ బలము లేదు, కనుక వారి ఫలితమును అతనికి హామీగా చూపుట నాకు సమ్మతము కాదు. యాపిల్‌వారి సఫారీ 2020 మార్చినుండి మూడవ పక్షపు కుకీలను పూర్తిగా నిరోధించుచున్నది. గూగుల్ క్రోము మాత్రము 2020లో ఆ మాట ఇచ్చి, గడువులు పొడిగించుచు వచ్చి, 2024 జులైలో విరమించుకొన్నది. 1997 నాటి ప్రమాణపత్రము కోరినది అధికసంఖ్యాకులు వాడు బ్రౌజరులో నేటికిని నెరవేరలేదు.

మన దేశమున సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న జస్టిస్ కె. ఎస్. పుట్టస్వామి వ్యాజ్యమున గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా ప్రకటించెను. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము వచ్చినది. 18 ఏండ్లలోపు పిల్లలను లక్ష్యముగా చేసికొని ప్రకటనలు చూపుటను అది నిషేధించినది, ఉల్లంఘనలకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానాలు పెట్టినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితములు కాగా, నోటీసును సమ్మతిని గూర్చిన ప్రధాన విధులకు 18 నెలల గడువు లభించినది. ఆ చట్టములో నేను మిక్కిలి ఆదరించు నిబంధన యొకటి కలదు: సమ్మతి యడుగు నోటీసును ఆంగ్లమున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందు గాని చదువుకొను వీలు పౌరునికి కల్పింపవలెను. ఆ భాషలలో తెలుగు ఒకటి. యాడ్‌సెన్స్ తెలుగు సైటులను అంగీకరించుట 2018లోనే మొదలైనను, పుటయంతయు తెలుగున ఉండి, గోప్యతా విధానము మాత్రము ఎవరో ఎక్కడనో అల్లిన ఆంగ్లమున ఉండు సైటులు మనకు కొల్లలు. ఆ ఆంగ్లమును పాఠకుడు చదువడు; పెక్కుచోట్ల యజమానియు చదువలేదు.

తెలుగు సైటు నడుపుచున్న చదువరీ, గడువు దినము వచ్చువరకు ఆగకుము. నీ పుటను నీవే తెరచి, దానినుండి ఏయే సర్వరులకు పిలుపులు పోవుచున్నవో చూచి, అక్కరలేనివానిని తీసివేసి, మిగిలినవాని పేర్లను, అవి తీసికొను వివరములను, వలదనుటకు గల మార్గమును నీ పాఠకుడు ఒక్క పఠనమున గ్రహింపగల తెలుగున, నీ మాటలలో, నేడే వ్రాసి పెట్టుము.